పంటి నరం పోతే పన్ను ఎదగడం ఆగిపోతుందా?

తెనాలి పంతులమ్మ (ప్రశ్న):

మా అబ్బాయికి 8 ఏళ్ళు. గత నెలలో సైకిలు మీద నుంచి పడినప్పుడు పైవరుసలోని ముందుపన్ను ఒకటి దెబ్బ తిని కాస్త కదిలింది. దంతవైద్యులు చల్లదనంతోనూ, చిన్న విద్యుత్ పరికరంతోనూ పరీక్షించారు గాని వాడికి ఏమీ తెలియలేదు. వేరు ఇంకా పూర్తిగా తయారు కాలేదు కనుక, పంటిని ఇప్పుడే తాకకుండా కొన్ని వారాలు గమనిద్దామని ఆయన అన్నారు. బంధువులు మాత్రం నరం చచ్చిపోయిందనీ, ఇక ఆ పన్ను ఎదగదనీ భయపెడుతున్నారు. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ముఖానికి స్పర్శజ్ఞానాన్ని ఇచ్చే త్రిధార నాడి శాఖలు పళ్ళలోకి వెళ్తాయని తెలుసు గాని, నొప్పిని మెదడుకు చేరవేయడం తప్ప, పన్నును తయారుచేసే కణాలతో వాటికి వేరే పని ఏమైనా ఉందా అన్నది నేను చదివిన పుస్తకాలలో లేదు. దయచేసి తెలిసినవారు వివరించగలరు.

పిల్లల దంతవైద్యుడు:

అమ్మా, మీ వైద్యులు ఆగమనడం సరైన నిర్ణయమే. మనం వాడుకలో ‘పంటి నరం’ అనేది నిజానికి పల్ప్, అంటే పంటి లోపలి మెత్తని కణజాలం. అందులో నాడీ తంతువులతో పాటు రక్తనాళాలు, పంటిలో ఎక్కువ భాగమైన గట్టి పదార్థం డెంటిన్‌ను తయారుచేసే ఒడాంటోబ్లాస్టులు అనే కణాలు, అవసరమైనప్పుడు ఇతర కణాలుగా మారగల మూలకణాలు కూడా ఉంటాయి. చల్లదనం, విద్యుత్తు పరీక్షించేది నాడుల స్పందనను మాత్రమే, రక్తప్రసరణను కాదు. కొత్తగా వచ్చిన శాశ్వత పంటిలో నాడుల అల్లిక నిండుగా ఏర్పడటానికి, వేరు కొస మూసుకోవడానికి లాగే, కొన్నేళ్ళు పడుతుంది. పైవరుస ముందుపళ్ళ వేరు సాధారణంగా 10 ఏళ్ళ ప్రాయానికి గాని పూర్తి కాదు. దానికి తోడు, దెబ్బ తగిలిన పన్ను మూడు నెలల దాకా, ఒక్కొక్కసారి అంతకు మించి కూడా, స్పందించకుండా ఉండి తరువాత కోలుకోవచ్చు. కాబట్టి ‘తెలియలేదు’ అన్న ఒక్క మాటతో పల్ప్ చనిపోయిందని తీర్పు చెప్పకూడదు. వేరు కొస వెడల్పుగా తెరిచి ఉండటం ఇక్కడ మీ అబ్బాయికి మేలు చేసే విషయం, ఎందుకంటే తెగిన రక్తనాళాలు ఆ దారినే మళ్ళీ లోపలికి పెరగగలవు.

కణజీవశాస్త్ర పరిశోధక విద్యార్థిని:

మీ అసలు ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పన్ను మొదలవడానికి నరం అక్కరలేదు. 1986లో లమ్స్‌డెన్, బుకానన్ అనే పరిశోధకులు ఎలుక పిండాల దవడ ముక్కలను, నాడులు ఇంకా అక్కడికి చేరకముందే వేరుచేసి పెంచి చూస్తే, వాటిలో పంటి మొగ్గలు ఏర్పడ్డాయి. పైగా పంటి మొగ్గ చుట్టూ ఉన్న కణాలు సెమాఫోరిన్ 3ఏ అనే ప్రోటీనుతో నాడులను తగిన సమయం వచ్చేదాకా బయటే నిలిపి ఉంచుతాయి. ఆ ప్రోటీను లేని ఎలుకల్లో నాడులు వేళకు ముందే లోపలికి చొరబడతాయి.

అయితే జీవితాంతం పెరుగుతూనే ఉండే పన్ను విషయంలో కథ మారుతుంది. ఎలుకలు కొరుకుతూ ఉండటం వల్ల ముందుపళ్ళు అరిగిపోతూ ఉంటాయి గనుక, పంటి మొదట్లోని మూలకణాలు ఆ నష్టాన్ని రోజూ పూరించాలి. 2014లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన యాంగ్ చాయ్ బృందం, ఈ మూలకణాలు నాడులూ రక్తనాళాలూ కలిసి సాగే కట్టను ఆనుకుని ఉంటాయనీ, జ్ఞాన నాడులు (స్పర్శను, నొప్పిని తెలిపే నాడులు) సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేత ప్రోటీనును వాటికి అందిస్తాయనీ చూపించింది. నాడిని తెంచినప్పుడు ఆ సంకేతం అందుకున్న ఆనవాళ్ళు ఆ కణాలలో మాయమయ్యాయి. అంటే నాడి అక్కడ వార్తలు మోసే తీగ మాత్రమే కాదు, ఒడాంటోబ్లాస్టులకు వారసులను అందించే కణాల సంరక్షకురాలు కూడా. అదే ఏడాది స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు మరింత ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టారు: నాడిని చుట్టి ఉండే ష్వాన్ కణాల వంశంలోని కొన్ని కణాలే పల్ప్ కణాలుగా, ఒడాంటోబ్లాస్టులుగా మారుతున్నాయి.

పళ్ళు జీవితమంతా మారుతూ ఉండే చేపల్లోనూ ఇలాంటిదే కనిపించింది. మన చెరువుల్లో అందరికీ తెలిసిన తిలాపియాకు దగ్గరి బంధువైన ఒక చేపలో, కింది దవడ నాడిని తెంచినప్పుడు ఆ వైపు కొత్త పంటి మొగ్గలు పుట్టడం ఆగిపోయిందని 1994లో ప్రచురించారు.

తెనాలి పంతులమ్మ:

ధన్యవాదాలు. మరి మనిషి పన్ను ఎలుక ముందుపన్నులా జీవితాంతం పెరిగేది కాదు కదా! అలాంటప్పుడు ఇది మా అబ్బాయికి ఎంతవరకు వర్తిస్తుందంటారు?

పిల్లల దంతవైద్యుడు:

మీరు అడిగిన తేడా చాలా ముఖ్యమైనది. పుట్టుకతోనే నొప్పి తెలియని అరుదైన వ్యాధి ఉన్న పిల్లలకు కూడా పళ్ళు వస్తాయి, అంటే మన పళ్ళు ఏర్పడటం నొప్పి తెలియడం మీద ఆధారపడదు. తమకు తెలియకుండా నాలుకను, పెదవులను కొరుక్కోవడమే వారికి పెద్ద ప్రమాదం. మన పళ్ళ విషయంలో నాడి విలువ ఎక్కువగా తెలిసేది గాయం మానే దశలో. పెరగడం ఆగిన ఎలుక దవడ పళ్ళలో జ్ఞాన నాడులను ముందే తెంచి, ఆపైన పల్ప్‌కు గాయం చేసి చూసిన పరిశోధకులకు, నాడులు ఉన్న పళ్ళలో కన్నా వాటిలో ఎక్కువ పల్ప్ నశించినట్లు కనిపించింది. మామూలుగా గాయమైన చోట నాడుల కొసలు కొత్తగా చిగురిస్తాయి, రక్తప్రసరణను పెంచే పదార్థాలను విడుదల చేస్తాయి. మీ అబ్బాయి పంటిలో వేరు పొడవు పెరగాలంటే ముందు పల్ప్‌కు రక్తం అందాలి, నాడులు దాని వెంట నెమ్మదిగా వస్తాయి. చెప్పిన తేదీలకు తప్పకుండా తీసుకువెళ్ళి, ఎక్స్‌రేలో ఆ వేరును పక్క పంటి వేరుతో పోల్చి చూపించమని అడగండి. ఈలోగా చిగురు మీద పొక్కు లేచినా, వాపు వచ్చినా, పన్ను రంగు నల్లబడుతున్నా తేదీ కోసం ఆగకుండా వెంటనే వెళ్ళండి.