సెయింట్ లారెన్స్‌లో తాదుసాక్ దాకా తెరచాప పడవలో వెళ్లాలనుకుంటున్నాం: పోటు, చలి, పొగమంచు గురించి చెప్పగలరా?

ప్రశ్న (టొరంటో నుంచి)

అందరికీ నమస్కారం. మేమిద్దరం భార్యాభర్తలం, కొన్నేళ్లుగా ఒంటారియో సరస్సులో ముప్పై అడుగుల తెరచాప పడవ నడుపుతున్నాం. వచ్చే వేసవిలో సెయింట్ లారెన్స్ నది వెంట మాంట్రియల్, క్యుబెక్ సిటీ మీదుగా, సాగ్నే నది వచ్చి కలిసే చోటున ఉన్న తాదుసాక్ ఊరు చేరి, సాగ్నే ఫియర్డ్‌లో (నిటారైన కొండల మధ్య ఉండే లోతైన, ఇరుకైన నీటిపాయలో) కొన్నాళ్లు గడపాలని మా కోరిక. సరస్సులో ఆటుపోట్లు ఉండవు కాబట్టి వాటిని లెక్కగట్టి నడపడం మాకు కొత్త. పొగమంచులో పెద్ద ఓడలు ఎదురైతే ఎలా అన్నది నా శ్రీమతి దిగులు. ఫ్రెంచి మా ఇద్దరికీ పలకరింపుల వరకే వచ్చు. ఆ దారి తెలిసినవారు సలహా ఇస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు (క్యుబెక్ సిటీ నుంచి)

మాంట్రియల్ దాకా పెద్ద చిక్కేమీ లేదండీ. దారిలో ఏడు లాకులున్నాయి, వాటిలో రెండు అమెరికా వైపువి. గోదావరి కాలువల లాకులు చూసినవారికి ఆ పద్ధతి తెలిసినదే. సరకు ఓడలకే ముందు దారి ఇస్తారు కనుక గంటల తరబడి ఆగవలసి రావచ్చు.

అసలు పరీక్ష క్యుబెక్ సిటీ దగ్గర మొదలవుతుంది. పెద్ద పోటు రోజుల్లో ఇక్కడ నీటిమట్టం ఐదారు మీటర్లు పెరిగి తగ్గుతుంది. ఏ రోజు ఎప్పుడు బయలుదేరాలన్నది గాలిని బట్టి గాక, నీరు తీసే వేళను బట్టి నిర్ణయించుకోండి, అది తెల్లవారుజామున మూడు గంటలైనా సరే. ఇల్ ఓ కూద్ర్ ద్వీపం పక్కన ప్రవాహం గంటకు ఆరేడు నాటికల్ మైళ్ల వేగం అందుకుంటుంది. మీ పడవ ఇంజను పూర్తి వేగమూ దాదాపు అంతే కాబట్టి, వేళ తప్పి వెళితే ఇంజను ఆడుతూనే ఉంటుంది, ఒడ్డున కనిపించే చర్చి శిఖరం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. నీరు దిగువకు పోతుండగా ఈశాన్యపు గాలి ఎదురు వీస్తే అలలు పొట్టిగా, నిటారుగా లేచి పడవను కుదిపేస్తాయి. అలాంటి రోజున రేవులోనే ఉండిపోవడం మంచిది. కెనడియన్ హైడ్రోగ్రాఫిక్ సర్వీస్ వారి ప్రవాహాల అట్లాసు తప్పక కొనండి. ఏ గంటకు నీరు ఎటు, ఎంత వేగంతో పోతుందో అందులో బాణాలతో చూపిస్తారు.

జవాబు (రిముస్కీ నుంచి)

మీ శ్రీమతిగారి దిగులు సరైనదే. మూడు వందల మీటర్లకు పైగా లోతున్న లారెన్షియన్ చానల్ (సముద్రం నుంచి వచ్చే నీటి అడుగు లోయ) తాదుసాక్ దగ్గర ఒక్కసారిగా మెరక అవుతుంది. పోటు తోసుకొచ్చే చల్లని అడుగు నీరు అక్కడ పైకి తేలుతుంది. తిమింగలాలకు మేత దొరికేదీ, ఆగస్టులో కూడా నీరు పది డిగ్రీల లోపు ఉండేదీ, వెచ్చని గాలి తగిలి పొగమంచు కమ్మేదీ అందువల్లనే. 1914 మే 29న ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్ అనే ప్రయాణికుల ఓడ మా ఊరి దగ్గర పొగమంచులో బొగ్గు ఓడను ఢీకొని, పద్నాలుగు నిమిషాల్లో మునిగిపోయింది. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి.

మీరు ఏఐఎస్ ట్రాన్స్‌పాండర్ (మీ పడవ ఎక్కడుందో చుట్టుపక్కల ఓడలకు రేడియోలో తెలిపే పరికరం), రాడార్ రిఫ్లెక్టర్ (ఓడల రాడార్‌లో మీ పడవ బాగా కనిపించేలా చేసేది) పెట్టించుకుని, ఓడల దారికి దూరంగా, దాన్ని దాటవలసి వస్తే అడ్డంగా, సూటిగా దాటండి. కోస్ట్ గార్డ్ రేడియోలో ఇంగ్లీషులోనూ సమాధానమిస్తారు, కనుక భాష గురించి బెంగ వద్దు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది చలి సంగతి. ఇంత చల్లని నీటిలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. సుమారు పది నిమిషాల తరువాత చేతులు పట్టు కోల్పోతాయి. ఇద్దరే ఉన్న పడవలో ఒకరు నీటిలో పడితే కాపాడేది రెండోవారు ఒక్కరే. కాబట్టి ఎవరైనా పడవ డెక్ మీదికి వచ్చిన ప్రతిసారీ ఛాతీకి కట్టుకున్న భద్రతా పట్టీని తాడుతో పడవకు బిగించుకోవాలి, మీ శ్రీమతిగారు ఒంటరిగా తెరచాప దింపి, పడవ తిప్పి, మిమ్మల్ని కప్పీతో పైకి లాగగలగాలి. ఇది సరస్సులోనే, మీ ఇద్దరూ తడిబట్టలతో, పదే పదే సాధన చేయండి.

జవాబు (షికూటిమి నుంచి)

సాగ్నే ముఖద్వారంలోకి పోటు ఎక్కే వేళనే ప్రవేశించండి. లోపల కొండలు నిటారుగా నీటిలోకి దిగుతాయి, కొన్నిచోట్ల లోతు రెండు వందల యాభై మీటర్లు దాటుతుంది. కనుక ఒడ్డు దగ్గరే అయినా లంగరుకు నేల అందదు. బే ఎతెర్నితె అనే అఖాతంలో పార్కువారి బాయలకు (పడవలు కట్టుకోవడానికి నీటిపై తేలే బుడ్డలకు) కట్టుకోవడం మేలు. తెల్లని బెలూగా తిమింగలాలు కనిపిస్తే నాలుగు వందల మీటర్ల ఎడం పాటించాలన్నది అక్కడి చట్టం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నీటిలో పడినవారిని పైకి లాగే సాధన ఈ వారాంతం నుంచే మొదలుపెడతాం. తిరుగు ప్రయాణంలో క్యుబెక్ సిటీ నుంచి మాంట్రియల్ దాకా ఎదురు నీటిలో వెళ్లడం మా ఇంజనుకు సాధ్యమేనా?

జవాబు (క్యుబెక్ సిటీ నుంచి)

సాధ్యమే, కానీ నెమ్మదిగా. ఎగువకు పోయేకొద్దీ పోటు సాయం తగ్గిపోయి, మాంట్రియల్ రేవు దగ్గర నది ఒకే దిక్కున, చాలా వేగంగా ప్రవహిస్తుంది. ఆ చివరి భాగానికి తూర్పు గాలి వీచే రోజు కోసం ఆగండి; ఇంజనూ తెరచాపా రెండూ కలిస్తేనే ఆ కొన్ని మైళ్లూ సాగుతాయి.