మీ ఇంట్లో క్రిస్మస్ వస్తే పూనకం వచ్చేది ఎవరికి?

స్టార్ మనవడు:

మొన్న మా వాడు ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ స్టార్ ఆర్డర్ పెట్టాడు, రెండ్రోజుల్లో వచ్చింది, ప్లగ్గులో పెడితే వెలిగింది, అంతే, అయిపోయింది. అది చూశాక మా తాతయ్య గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

మాది తెనాలి దగ్గర పల్లె, లూథరన్ గుడి ఉన్న పేట. తాతయ్య రిటైరైన డ్రిల్లు మాస్టారు. నవంబర్ ఆఖర్లోనే వెదురు బొంగు తెచ్చి చీల్చడం మొదలెట్టేవాడు. తెలీనివాళ్ల కోసం చెప్తున్నా, స్టార్‌కి పది బద్దలు కావాలి, ఐదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టి ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు మొనలూ పురికొసతో బిగించి, మధ్యలో ఐదు చోట్ల జానెడు పుల్లలు దూరిస్తే పొట్ట ఉబ్బుతుంది, ఆ పొట్టలో బల్బు. మైదా ఉడికించి బంక, అందులో చిటికెడు మైలుతుత్తం, లేకపోతే బొద్దింకలు రాత్రికి రాత్రే కాగితం కొరికేస్తాయి. అది విషం కదా, అందుకని మా చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగించి, వరసలో నిలబెట్టి, విజిల్ ఊదితేనే అన్నానికి వెళ్లాలి. ఇంట్లో విజిల్ అండీ!

వీధికి అటుపక్క చిన్నతాతయ్య ఇల్లు. జానెడు గట్టు దగ్గర తగువొచ్చి అన్నదమ్ములిద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు, కానీ నిచ్చెన మాత్రం ఒకటే, పంపకాల్లో దాన్ని మర్చిపోయారట. దాని మీదే ఎక్కి ఒకళ్ల తర్వాత ఒకళ్లు స్టార్ కట్టుకునేవాళ్లు. వాళ్లది వేపచెట్టు ఎత్తుంటే మాది కొబ్బరిచెట్టు ఎత్తు ఉండాల్సిందే. కేరల్స్ వాళ్లు అర్ధరాత్రి దాటాక డప్పులేసుకుని వస్తే ముందు ఎవరింటి ముందు పాడాలి అని అదో పంచాయితీ, చివరికి పాపం వాళ్లు నడివీధిలో నిలబడి ఒక చరణం ఇటు తిరిగి, ఒక చరణం అటు తిరిగి పాడేవాళ్లు.

నేను ఐదో క్లాసులో ఉండగా తాతయ్యకి ఏం బుద్ధి పుట్టిందో నలభై వాట్ల బల్బు తీసేసి రెండొందలది పెట్టాడు. కేరల్స్ వాళ్లు తూర్పున వెలిగిన తార గురించి పాడుతుంటే కరెక్టుగా అప్పుడే మా తార అంటుకుంది. వాళ్లేమో కొత్త రకం డెకరేషన్ అనుకుని చప్పట్లు కొట్టారు. మండే కాగితాలు మా వసారా తాటాకుల మీద పడుతుంటే చిన్నతాతయ్య "మెయిన్ ఆపండ్రా" అని అరుస్తూ లుంగీ ఎగ్గట్టి బకెట్టుతో పరిగెత్తుకొచ్చి నీళ్లు కొట్టి, రొప్పుతూ, "నలభై చాలంటే విన్నావా అన్నయ్యా" అన్నాడు. తాతయ్య నెత్తి నిండా బూడిద, "ఎప్పుడన్నావురా, నువ్వు నాతో మాట్లాడి ఆరేళ్లయింది" అన్నాడు.

మీ ఇళ్లల్లో ఇలాంటి శాల్తీలు ఉంటే చెప్పండి, చదివి కాసేపు నవ్వుకుందాం.

గుంటూరు కారప్పొడి:

మా నానమ్మ. కేకు కేసు.

అప్పట్లో ఇంట్లో ఓవెన్ ఎక్కడిది, మైదా, గుడ్లు, డాల్డా, చక్కెర అన్నీ ఇంట్లో గిలక్కొట్టి ఆ గిన్నె నెత్తిన పెట్టుకుని బేకరీకి తీసుకెళ్తే కిలోకి ఇంతని కూలి తీసుకుని కాల్చి ఇచ్చేవాళ్లు. నానమ్మకి ఒకటే అనుమానం, మన పన్నెండు గుడ్ల కేకు వేరేవాళ్లకి పోయి ఎవరిదో ఆరు గుడ్లది మనకి అంటగడుతున్నారని. సరే గుర్తు పెడదామని ఒక ఏడు పిండి మీద సిలువ గుర్తు గీసి పంపింది. ఇరవైమూడో తారీకు రాత్రి మేం తెచ్చుకోడానికి వెళ్తే బల్ల మీద నలభై కేకులు, ముప్పైకి పైగా సిలువలే! గుంటూరులో క్రిస్మస్‌కి సిలువ గీయాలని మా నానమ్మ ఒక్కదానికే తోస్తుందా మరి. ఆవిడ అక్కడే స్టూలేసుకుని కూర్చుని ఒక్కోటీ వాసన చూసి మరీ తెచ్చింది.

మరుసటి ఏడాది ఎవరికీ చెప్పకుండా పిండి మధ్యలో చింతగింజ వేసింది. క్రిస్మస్ రోజు గుళ్లో ఆరాధన అయ్యాక పాస్టరుగారు మా ఇంటికొచ్చారు, మర్యాదకి నడిమి ముక్క ఆయనకే పెట్టాం, ప్రార్థన చేసి కొరికారు, టక్ మని శబ్దం. ఆయన చెంప పట్టుకుని కూర్చుంటే అమ్మ మంచినీళ్ల కోసం పరిగెత్తింది. నానమ్మ మాత్రం మొహం వెలిగిపోతూ, "చూశారా, ఇది మన కేకే!"

మెదక్ పోరడు:

మా తాతది వేరే కథ. మాది మెదక్ దగ్గర ఊరు, క్రిస్మస్ వచ్చిందంటె తాత మోటర్ స్టార్ట్ అయ్యేది. చర్చి ముచ్చటే. మిషనరీ పోస్నెట్ దొర కరువుల జనానికి పని చెప్పి తిండి పెట్టుకుంట కట్టిచ్చిండు, 1914ల మొదలువెడితె పదేండ్లు పట్టింది, 1924ల క్రిస్మస్ నాడే తెరిచిండ్రు, గోపురం 175 ఫీట్లు, ఇదంత ఊర్ల అందరికి తెల్సిందే. గానీ మా తాత జెప్పేది ఏందంటె ఆ రాళ్లు వాళ్ల నాయిన మోసిండని. నేను చిన్నగున్నప్పుడు యాభై రాళ్లుండె, ఎనిమిదో తరగతికి వచ్చేసరికి అయిదు వందలైనయ్. "మీ నాయిన మోసిన రాళ్లు లెక్కవెడితె ఇంకో చర్చి లేస్తది, ఊకో ఇగ" అని నాయినమ్మ అంటుండె.

ఇంకోటి. రంగు అద్దాల కిటికీలల్ల యేసు పుట్టుక సూపియ్యాలని మమ్మల్ని రాత్రి మూడు గంటలకే లేపి, చలిల వణుక్కుంట తీస్కపోయి ఫస్టు ఆరాధన కంటె ముందే నిలవెడ్తుండె. ఆ అద్దాలు ఎండ వడితెనే కనవడ్తయ్. మాకు కనిపిచ్చేది నల్లటి కిటికీ. "సూడుండ్రి, గక్కడ మరియ, గక్కడ పసుల పాక" అని తాత చీకట్ల ఏలు వెట్టి సూపిస్తుంటె, మా ఎన్కలున్న హైదరాబాదోళ్లు గూడ "అవునవును" అని తల ఊపిండ్రు!! తెల్లారి ఎండ వచ్చినంక సూస్తె తాత సూపిచ్చిన కిటికీల సిలువ మీద యేసు ఉన్నడు. తాత తడుముకోలే, "అగో, పొద్దెక్కేటాలకు పెద్దగైండు" అన్నడు.

పక్కింటి జ్ఞాని:

మేం క్రిస్టియన్స్ కాదు, నరసాపురంలో పక్కిల్లు వాళ్లది, నేను ఏటా వాళ్ల సండే స్కూల్ నాటకంలో ఉండేవాణ్ణి. బాలయేసుకి కానుకలు తెచ్చే ముగ్గురు జ్ఞానుల్లో ఒకడి వేషం నాకు, బంగారము, సాంబ్రాణి, బోళములో సాంబ్రాణి నాది. బోళం అంటే ఒక రకం సువాసన బంక అని వీధిలో ఎవరికీ తెలీక మూడో జ్ఞానికి హార్లిక్స్ సీసాకి జిగినీ కాగితం చుట్టి ఇచ్చారు, అదలా ఉంచండి. మా అమ్మకి సాంబ్రాణి అంటే పొగే. నేను స్టేజీ ఎక్కేముందు పిడకల నిప్పులు వేసి గుప్పెడు సాంబ్రాణి చల్లి ధూపం గిన్నె చేతికిచ్చింది. బాలయేసు వేషానికి నిజం పాపని పడుకోబెట్టారు, టీచరుగారి మూణ్ణెల్ల బిడ్డ. నేను మోకాళ్లూని గిన్నె పక్కన పెట్టి డైలాగు చెప్పేలోపు పొగ కమ్మేసింది, యోసేపు దగ్గు, గొల్లలు దగ్గు, హేరోదు తెర వెనకనుంచి దగ్గు. మరియమ్మ బిడ్డని ఎత్తుకుని దిగిపోయింది. మైకులో చెప్పే అన్నయ్య మాత్రం గట్టివాడు, "ఆ విధముగా వారు ఐగుప్తునకు పారిపోయిరి" అని బైబిల్లో తర్వాత రావాల్సిన ఈజిప్టు ప్రయాణం ముందే చెప్పి సీను ముగించేశాడు.

మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. "సాంబ్రాణి అన్నాక పొగ రాకపోతే దేనికి" అంటుంది.

గుంటూరు కారప్పొడి:

@స్టార్ మనవడు ఇంతకీ ఆ నిచ్చెన ఎవరికి వచ్చింది?

స్టార్ మనవడు:

చిన్నతాతయ్య మనవడి దగ్గరే ఉందండీ, గట్టు మాకొచ్చింది. ఇద్దరు తాతయ్యలూ పోయారు. నిన్న వాడు పనిగట్టుకుని ఫోన్ చేసి మీ స్టార్‌లో బల్బు ఎన్ని వాట్లురా అని అడిగాడు, ఎల్ఈడీ, తొమ్మిది అన్నా. "మాది పన్నెండు" అని ఫోన్ పెట్టేశాడు.