20 ఏళ్ల కొహీబా లాన్సెరో సిగార్: తేమ 62 శాతం ఉండాలా, 65 ఉండాలా?

పొడిగాలి (హైదరాబాద్):
2004 ముద్ర ఉన్న కొహీబా లాన్సెరో (సన్నటి క్యూబా సిగార్) పెట్టె ఒకటి చేతికొచ్చింది, 25 సిగార్లది. 192 మిల్లీమీటర్ల పొడవు, 38 రింగు, తల మీద మెలితిప్పిన తోక. ఇన్నేళ్లూ తేమను 69 శాతం దగ్గర నిలిపే బోవెడా ప్యాకెట్లతోనే ఉంచారట. రెండు వెలిగిస్తే రెండూ బిగుసుకుపోయాయి, దమ్ము సరిగ్గా రాలేదు. వచ్చిన కాస్త పొగా పల్చగా ఉంది. 62కి దించాలా, 65 చాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పినార్‌పిచ్చోడు:
62. ఇందులో రెండో మాట లేదు.

38 రింగు అంటే అడ్డంగా 15 మిల్లీమీటర్లు. అదే బ్రాండులో 52 రింగు సిగ్లో సిక్స్‌తో పోలిస్తే అడ్డకోత వైశాల్యం సగం కంటే కొంచెమే ఎక్కువ. లోపల పట్టే ఆకులూ తక్కువే, వాటి మధ్య గాలి దారులూ తక్కువే. తేమ ఎక్కువైతే ఆకు ఉబ్బి మొదట మూసుకునేవి ఆ దారులే. 69లో సిగ్లో సిక్స్ హాయిగా కాలుతుంది, లాన్సెరోకి ఊపిరాడదు.

ఒక్కసారే 62లో పడేయకండి. 65 ప్యాకెట్లతో రెండు వారాలు, ఆ తర్వాత 62తో నెల. గబగబా ఎండబెడితే పైఆకు ముందు కుంచించుకుపోతుంది, లోపలి ఆకు ఇంకా ఉబ్బే ఉంటుంది. ఆ లాగుడుకు పైఆకు నిలువునా చీలుతుంది.

లంకాకు:
పినార్ గారు సగమే చెప్పారు. సన్న సిగార్‌లో పైఆకు వాటా ఎక్కువ. 52 రింగుతో లెక్కేస్తే 38లో లోపలి ఆకుకు పైఆకు నిష్పత్తి మూడో వంతుకు పైగా పెరుగుతుంది. పరిమళం చాలావరకు అక్కడే. 20 ఏళ్లలో నూనెలు తగ్గిన ఆకును 62 దాకా ఆరబెడితే నిప్పు వేడెక్కి, ఉన్న కాస్త వాసనా మాడిపోతుంది. 65 దాటి కిందకు వద్దు.

పైగా బిగువంతా తేమ వల్లే అని ఎవరన్నారు? చుట్టేటప్పుడు ఒక ఆకు మెలిపడితే లోపల ముడి పడుతుంది. సన్న సిగార్‌కి ఒక్క ముడి చాలు. 62 కాదు 52కి దించినా అది విప్పుకోదు. తల నుంచి మొదలుపెట్టి వేళ్లతో మెల్లగా తడిమి చూడండి. సాధారణంగా బ్యాండు (బ్రాండు పేరున్న కాగితపు పట్టీ) చుట్టుపక్కల ఒకచోట గట్టిగా తగులుతుంది. కోసిన తల వైపు నుంచి సన్న సూదిలాంటి డ్రా టూల్‌ను నిటారుగా, తిప్పుతూ నాలుగైదు సెంటీమీటర్ల లోపలికి పంపి, పట్టిన ఆకు ముక్కను వెనక్కి లాగాలి. కాస్త వంకరపోయినా పక్కనుంచి బయటికొస్తుంది. కొత్త సిగార్‌ని నలిపినట్టు దీన్ని నలపకండి, పైఆకు పెళుసుగా ఉంటుంది.

ఉప్పుపరీక్ష:
ఇద్దరూ మూడు శాతం కోసం కొట్టుకుంటున్నారు. తేమ కొలిచే హైగ్రోమీటరే నాలుగైదు శాతం తప్పు చూపిస్తుంటే? సీసా మూతలో టీస్పూను ఉప్పు, తడిసేలా నాలుగు చుక్కల నీళ్లు (కరిగిపోకూడదు), పక్కనే మీటరు, రెంటినీ జిప్ సంచిలో పెట్టి 12 గంటలు కదపకండి. 75 చూపించాలి. 71 చూపిస్తే నాలుగు కలుపుకొని చదవాలి. ఇక మీ యుద్ధం చేసుకోండి.

నాగావళి:
మా శ్రీకాకుళం వైపు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే ముసలమ్మలు ఏ మీటరు చూశారండీ 😄

పినార్‌పిచ్చోడు:
ఆ చుట్టని ఎవరూ 20 ఏళ్లు దాచరు, నాగావళి గారూ.

లంకాకు గారూ, ముడి అనేది అమ్మేవాళ్లకి దొరికిన సాకు. ఒక అమ్మకందారు నాకూ ఇదే చెప్పాడు. “పాత సరుకు బిగువుగానే ఉంటుంది సార్, లోపల ముడి” అని వెనక్కి తీసుకోలేదు. 62లో పెట్టాక చాలావరకు కాలాయి. పెట్టెలో అన్నీ బిగుసుకుంటే అది తేమ. ఒకటీ అరా అయితే ముడి. ఇక్కడ రెంటికి రెండూ బిగుసుకున్నాయి. లెక్క తేలిపోయింది కదా.

లంకాకు:
25లో రెండు కాల్చి మిగతా 23 మీద తీర్పా? మీకు అమ్మినవాడి మీద కోపం ఉంటే అది వేరే చర్చలో రాసుకోండి.

సాగరతీరం (విశాఖ):
హ్యూమిడార్ (సిగార్లు దాచే పెట్టె) లోపలి తేమ గురించే మాట్లాడుతున్నారు, కాల్చే చోటు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. హైదరాబాద్‌లో ఏసీ గదిలో 40 దగ్గర ఉండొచ్చు, ఇక్కడ బీచ్ గాలిలో 80. సన్న సిగార్ బయటికి తీసిన కాసేపటికే గది పదను పట్టేస్తుంది. ఏసీలో పైఆకు ఎండి పగులుతుంది, ఇక్కడ పాదం (వెలిగించే కొస) ఉబ్బి విచ్చుకుంటుంది. 62 మనిషి ఎక్కడ కూర్చున్నాడో, 65 మనిషి ఎక్కడ కూర్చున్నాడో తెలియకుండా ఈ వాదన ఎటూ తేలదు.

ఇంకోటి. తోకని మెలితిప్పి పీకేస్తే చిన్న బొక్కే పడుతుంది. అదే బిగువులా అనిపించొచ్చు. పదునైన గిలెటిన్ కత్తెరతో తల నుంచి రెండు మిల్లీమీటర్లు తెంపాలి, టోపీ ఆకు అంచు దాటకూడదు. తలకు గుండ్రటి బొక్క పెట్టే పంచ్ వద్దు, 15 మిల్లీమీటర్ల తల మీద పాత ఆకు పగులుతుంది. జెట్ లైటరూ వద్దు, అగ్గిపుల్లో దేవదారు పుల్లో చాలు. మంట తగలకుండా సెంటీమీటరు దూరంలో పాదం తిప్పుతూ అంచంతా నల్లబడ్డాక ఒక్క దమ్ము. తర్వాత నిమిషం, నిమిషంన్నరకి ఒకటి. రోబస్టో (పొట్టి, లావు సిగార్) అలవాటున్నవాళ్లు ఇక్కడే చెడగొడతారు. వేగం పెంచితే సన్న నిప్పు ఎర్రబడి చివరి మూడో వంతు చేదెక్కుతుంది. చేదు మొదలైతే పొగ లోపలికి లాగకుండా ఒకసారి బయటికి ఊదండి, లోపల నిలిచిన పాచి పొగ పోతుంది. మొదటి రెండు సెంటీమీటర్లలో రుచి తీర్పు ఇవ్వకండి.

అతిథి_41:
పొగ మింగకపోయినా నోటి క్యాన్సర్ వస్తుంది. అదీ రాసుకోండి.

తేదీముద్ర:
పెట్టె అడుగు ఫోటో పెట్టండి. వేడిముద్రలో ‘టోటాల్మెంతే ఆ మానో’ (పూర్తిగా చేత్తో చుట్టినది), పక్కన సిరాతో మూడక్షరాల స్పానిష్ నెల, రెండంకెల ఏడాది కనిపించాలి. అది చూడకుండా 20 ఏళ్లని ఎలా నమ్ముతున్నారు?

పినార్‌పిచ్చోడు:
అసలు విషయం నేనే చెప్తా. తేమ సంగతి తర్వాత, ఆ పెట్టె వాడిపోయింది. “పల్చగా ఉంది” అని ఆయనే రాశాడు. కొహీబాకి సెకో (తేలిక), లిఖెరో (ఘాటు) ఆకుల్ని హవానాలోని ఎల్ లగితో ఫ్యాక్టరీలో పీపాల్లో మూడోసారి పులియబెడతారు. ఫ్యాక్టరీ దాటేసరికే అమ్మోనియా ఘాటు చాలావరకు పోతుంది. అయిదారేళ్లు పెడితే చాలు, పదేళ్లయితే పండగ. ఆ తర్వాత ఏడాదికేడాది పోగొట్టుకోవడమే. 62 అంటున్నది అందుకే, మిగిలిన కాస్త ఘాటైనా నాలుక మీదికి రావాలి.

లంకాకు:
ఇప్పుడు బయటపడింది! మీకు కావలసింది ఘాటు. అందుకే ఆకుని ఎండబెట్టి వేడిగా కాల్చమంటున్నారు. పాత లాన్సెరోలో మిరియం, కాఫీ వెతికితే దొరకవు. వాటి చోట ఎండుగడ్డి, తేనె, దేవదారు, పల్చటి టీ డికాక్షన్ ఉంటాయి. చిన్న దమ్ము తీసి, పొగలో కొంచెం ముక్కు గుండా వదిలితేనే అందుతాయి. పల్చగా ఉండటం, ఖాళీగా ఉండటం ఒకటి కాదు.

పినార్‌పిచ్చోడు:
ఖాళీని పల్చన అనడానికి ఎంత డబ్బు పోయాలి? 2022లో కొహీబా, ఇంకో క్యూబా బ్రాండు ట్రినిడాడ్ ధరల్ని ప్రపంచమంతా హాంకాంగ్ స్థాయికి లాగారు. అప్పటినుంచి పాత పెట్టెలకీ రెక్కలొచ్చాయి. మీరు కాలుస్తున్నది ఆకుని కాదు, పెట్టె మీది తేదీని. బ్యాండ్లు తీసి, కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి కళ్లు మూసుకుని కాల్చండి చూద్దాం.

లంకాకు:
కాలుద్దాం. కానీ రెండూ 65లోనే. 62లో పెట్టి పాతదాన్ని ముందే చంపేసి పందెం వేయకండి.

సాగరతీరం (విశాఖ):
ఇది పందెంతో తేలేది కాదు. ఆయనకి పొగాకు కావాలి, ఈయనకి వయసు కావాలి. ఒకే పెట్టెలో రెండూ ఉండాలంటే ఎలా?

మోడరేటర్:
వ్యక్తిగత మాటలు తగ్గించండి. అమ్మకం, కొనుగోలు సందేశాలు ఈ విభాగంలో ఉంచం.

పొడిగాలి (హైదరాబాద్):
ఉప్పు పరీక్షలో మీటరు 72 చూపించింది. పెట్టె అడుగు ఫోటో రాత్రికి పెడతాను. పది సిగార్లు 65లో, పది 62లో, మిగిలిన మూడు ఉన్నచోటే ఉంచుతాను. నెలాగి ఒక్కొక్కటి కాల్చి రాస్తా.

పినార్‌పిచ్చోడు:
62వి కూడా ముందు రెండు వారాలు 65లో ఉండాలని రాశాను, చదవలేదా? వాటికి నెల చాలదు, నెలన్నర.

లంకాకు:
38 రింగుకి నెలన్నరా? అంత సన్నదానికి మూడు వారాలు ఎక్కువ.