లాగిన్ లిమిట్ ఉన్నా ఒకే మనిషి వందలసార్లు ఎలా ప్రయత్నించగలిగాడు?

ప్రశ్న:
మా అప్లికేషన్ ఎక్స్‌ప్రెస్‌లో (నోడ్ మీద నడిచే వెబ్ ఫ్రేమ్‌వర్క్) ఉంది, దాని ముందు ప్రాక్సీగా, అంటే రిక్వెస్టులను అందుకుని లోపలికి పంపేదిగా, ఎన్‌జినెక్స్. ఒక్కో ఐపీకి నిమిషానికి 5 లాగిన్ ప్రయత్నాలే అని పెట్టాను. మొదట్లో అందరి ఐపీ 127.0.0.1 (అదే మెషీన్ అడ్రస్, అంటే ఎన్‌జినెక్స్‌ది) అని పడి, ఒకరు తప్పు చేస్తే అందరూ బ్లాక్ అయ్యేవాళ్లు. అందుకని ఎక్స్‌ప్రెస్‌లో ముందున్న ప్రాక్సీ చెప్పే ఐపీని నమ్మే సెట్టింగ్, ‘ట్రస్ట్ ప్రాక్సీ’ని ట్రూ చేశాను. నిన్న రాత్రి ఒకే అకౌంట్ మీద వందల ప్రయత్నాలు. అప్లికేషన్ లాగ్‌లో ప్రతిసారీ కొత్త ఐపీ, ఎన్‌జినెక్స్ లాగ్‌లో మాత్రం ఒక్కటే! చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు 1:
తప్పు ఆ ‘ట్రూ’లోనే ఉందండి. రిక్వెస్ట్ ఏ ఐపీ నుంచి వచ్చిందో చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌ను ఎవరైనా తమకు నచ్చినట్టు రాసి పంపొచ్చు. మామూలుగా వాడే సెట్టింగ్‌తో ఎన్‌జినెక్స్ దాన్ని చెరపదు, అసలు ఐపీని కుడి చివర చేరుస్తుంది. ట్రూ అంటే ఎక్స్‌ప్రెస్ ఎడమ చివరిది తీసుకుంటుంది, అంటే దాడి చేసినవాడు రాసిందే. ట్రూ బదులు 1 (ముందున్న ప్రాక్సీల సంఖ్య) పెట్టండి, కుడి చివరిది తీసుకుంటుంది. రేపు ముందు ఇంకో లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచే ప్రాక్సీ) వస్తే ఆ అంకె మార్చాలి. నోడ్ పోర్టు బయటికి తెరిచి ఉంటే ఇదంతా వృథా, నేరుగా వచ్చి మళ్లీ అదే హెడర్ పెడతారు. నోడ్ 127.0.0.1 మీదే వినేలా చేయండి.

జవాబు 2:
జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ 2009లో, 1.1 వెర్షన్‌లో, ఈ హెడర్‌ను నమ్మే మిడిల్‌వేర్‌ను (రిక్వెస్ట్‌ను మధ్యలో చూసే కోడ్) పూర్తిగా తీసేసింది. ముందు ఏ ప్రాక్సీ ఉందో ఫ్రేమ్‌వర్క్‌కు తెలిసే దారి లేదు, అది మనమే చెప్పాలి.
ఇంకోటి, నాకు ఐపీ కంటే ఇదే ఎక్కువ భయం: పాస్‌వర్డ్ రీసెట్ లింక్‌లో డొమైన్ ఎక్కడి నుంచి తీసుకుంటున్నారు? రిక్వెస్ట్ హోస్ట్‌నేమ్ నుంచైతే, 1 పెట్టినా, సైట్ పేరు చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్ హెడర్‌ను ఎక్స్‌ప్రెస్ నమ్ముతుంది. ఎన్‌జినెక్స్ దాన్ని దానంతట అది ఆపదు. దాడి చేసేవాడు అందులో తన డొమైన్ రాసి రీసెట్ అడిగితే, మీ సర్వర్ నుంచి వెళ్లే మెయిల్‌లోనే దొంగ డొమైన్ లింక్ ఉంటుంది. యూజర్ నొక్కితే టోకెన్ (పాస్‌వర్డ్ మార్చనిచ్చే రహస్య కోడ్) వాడి చేతికి వెళ్తుంది.

ప్రశ్న అడిగినవారు:
1 పెట్టి, కర్ల్‌తో (కమాండ్‌లైన్ నుంచి రిక్వెస్టులు పంపే టూల్) దొంగ హెడర్ పంపి చూశాను. ఆరో ప్రయత్నానికి ఆగింది. కానీ రీసెట్ మెయిల్ మీరు చెప్పినట్టే ఉంది, నేను హెడర్‌లో రాసిన డొమైనే లింక్‌లో వచ్చింది. చూసి గుండె ఆగినంత పనైంది. సైట్ అడ్రస్‌ను కాన్ఫిగ్‌లో పెట్టేశాను, పాత రీసెట్ టోకెన్లన్నీ రద్దు చేశాను. ఇప్పుడు ఆ అకౌంట్ యూజర్‌కు జరిగింది చెబుతూ మెయిల్ రాస్తున్నాను.