పిల్లల తాడు మనం పట్టాలా, మెషీన్‌కి వదిలేయాలా?

ఫ్రిస్కో కోడలు:
మేముండేది టెక్సస్‌లో. ఈ ఎండలకి పార్కు ముఖం చూసే పని లేదు కాబట్టి శనివారం అందరం ఇండోర్ క్లైంబింగ్ జిమ్‌కి వెళ్ళాం. పాపకి పదకొండు, బాబుకి ఏడు. ఇద్దరూ ఆటో బిలే మీదే ఎక్కారు. గోడ పైన ఒక మెషీన్ ఉంటుంది, అందులోంచి వచ్చే పట్టీని పిల్లల నడుముకీ తొడలకీ కట్టే హార్నెస్‌కి తగిలిస్తారు. ఎక్కుతుంటే వదులు తనే లాక్కుంటుంది, చేతులు వదిలేస్తే మెల్లగా కిందికి దింపుతుంది. మావారికి ఇది నచ్చలేదు. బిలే అంటే ఎక్కేవాళ్ళ తాడు రెండో కొస కింద నుంచి పట్టుకోవడం. ఆ క్లాసు చేసి, టెస్టు పాసై, పిల్లల తాడు తనే పట్టుకుంటారట. "పిల్లల్ని మెషీన్‌కి అప్పజెప్పి మనం బెంచీ మీద కూర్చుని చిప్స్ తినడమేంటి" అంటారు. ఒక పూట క్లాసుతో వచ్చిన విద్యని నమ్ముకుని పిల్లల్ని పైకి పంపాలంటే నాకు గుండెదడ. ఇండియా నుంచి వచ్చిన మా మామగారి ఓటు కూడా నాకే. మీరేమంటారు?

తాడుమేస్త్రి:
నా ఓటు మీవారికి, కాకపోతే షరతులున్నాయి. ఆటో బిలేకి ఆపడం తెలీదండీ, దించడమే తెలుసు. పిల్లాడు సగంలో అలిసిపోయి చెయ్యి వదిలితే నేలకి వచ్చేస్తాడు, మళ్ళీ మొదటి నుంచి ఎక్కాల్సిందే. మనిషి తాడు పడితే అక్కడే బిగించి ఆపొచ్చు, వాడు గాల్లో కూర్చుని ఊపిరి తీసుకుంటాడు, "ఎడం కాలు ఆ పచ్చ హోల్డ్ మీద పెట్టు నాన్నా" అని గోడకి బిగించిన పట్టుని చూపించి కింద నుంచి చెప్పొచ్చు.

ఇంకోటి. ఆటో బిలే మీద పైదాకా వెళ్ళిన పిల్లలు చివరి హోల్డ్‌ని కావలించుకుని ఉండిపోవడం చూసే ఉంటారు. ఎక్కడం కష్టమై కాదు, వదలడానికి భయం. వదలగానే పట్టీ బరువు అందుకునేలోపు కొద్దిగా జారినట్టు ఉంటుంది, వాళ్ళ పొట్టలో కలుక్కుమంటుంది. అదే తాడైతే ముందే బిగించి "పట్టుకున్నాను, కూర్చో" అనొచ్చు.

పప్పుచారు:
వినడానికి బాగుంది. జిమ్‌లో నా కళ్ళ ముందు జరిగేది వేరు. ఒకాయన కూతురి తాడు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు. పాప పైన, మెడ వెనక్కి వాల్చి ఈయన ఫ్రేము సరిచూసుకుంటున్నాడు. స్టాఫ్ పరిగెత్తుకొచ్చారు. మెషీన్‌కి వాట్సాప్ లేదు, బోర్ కొట్టదు, పక్కవాళ్ళతో రియల్ ఎస్టేట్ మాట్లాడదు.

తాడుమేస్త్రి:
ఆయన్ని సమర్థించే ప్రశ్నే లేదు. బ్రేకు వైపు తాడు, అంటే పట్టుకునేవాళ్ళ పరికరంలోంచి బయటికొచ్చే కొస మీద నుంచి చెయ్యి రెప్పపాటు కూడా తీయకూడదు, టెస్టులో నిక్కచ్చిగా చూసేదీ అదే. 1991 నుంచి గ్రిగ్రి అనే బిలే పరికరం ఉంది, తాడు ఒక్కసారిగా లాగితే తనంతట తనే బిగుస్తుంది. అయినా చెయ్యి తీయొచ్చని దాన్ని తయారుచేసిన పెట్జల్ వాళ్ళే చెప్పరు.

కానీ పప్పుచారు గారూ, మెషీన్ దగ్గర ప్రమాదం వేరే చోట ఉంది. పట్టీ తగిలించుకోకుండానే ఎక్కేయడం. నాలుగైదు సార్లు ఎక్కి దిగాక ఊపులో మరిచిపోతారు, పెద్దవాళ్ళు కూడా. అందుకే చాలా జిమ్‌లలో గోడ అడుగున త్రికోణం పట్టా ఒకటి అడ్డంగా పెడతారు. పట్టీ కొస దానికే తగిలించి ఉంటుంది, విప్పి తీసుకుంటే గానీ అది కిందికి వాలదు. మరుపు కొత్తవాళ్ళకే అనుకోకండి. లిన్ హిల్ అంతటి క్లైంబర్ 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూక్స్ అనే చోట హార్నెస్‌కి తాడు ముడి పూర్తిగా వేయకుండా ఎక్కి, పైనుంచి 20 మీటర్లకు పైగా పడిపోయారు. చెట్టు కొమ్మలు అడ్డుపడి బతికారు. తాడు పట్టే మనిషి ఎదురుగా ఉంటే నేల వదలకముందే ముడి ఒకరు, పరికరం ఒకరు చూసుకుంటారు. మెషీన్ మీ బాబు హార్నెస్ బకిల్ చూడదు కదా.

బండబాబాయ్:
ఈ గొడవంతా ఎందుకమ్మా, బౌల్డరింగ్‌కి తీసుకెళ్ళు. తాడు లేదు, మెషీన్ లేదు. గోడ నాలుగు, నాలుగున్నర మీటర్లు, కింద మందపాటి మ్యాట్.

పప్పుచారు:
బాబాయ్ గారూ, అక్కడ చెయ్యి జారిన ప్రతిసారీ నేలకే వస్తారు. చీలమండ మెలిక పడేది, మణికట్టు విరిగేది అక్కడే. పైగా ఆ మ్యాట్‌ని పిల్లలు జంపింగ్ కోట అనుకుంటారు. పైనుంచి ఎనభై కిలోల మనిషి పడే చోట మూడేళ్ళ బుడ్డోడు దొర్లుతుంటాడు, వాళ్ళమ్మ కాఫీ లైన్లో ఉంటుంది.

గచ్చిబౌలి గిరి:
హైదరాబాద్‌లో నేను పిల్లల్ని తీసుకెళ్ళే గోడ దగ్గర తాడు స్టాఫే పడతారు, కాబట్టి మాకు ఈ పంచాయితీ లేదు. కానీ ఆదివారం పుట్టినరోజు పార్టీలు రెండు కలిసొస్తే అదే కుర్రాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతూనే ఉంటాడు. ఎప్పుడు తిన్నాడో, ఎంత అలిసిపోయాడో ఎవరూ అడగరు. నాకైతే ఆ కుర్రాడి కన్నా కునుకు తీసి వచ్చిన కన్నతండ్రి నయం. కాకపోతే ముందు పద్ధతిగా నేర్చుకోవాలి. మలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిందంటే, మొదట భువనగిరి బండ మీద కోచ్‌ల దగ్గర తాడు పని నేర్చుకున్నాకే.

పప్పుచారు:
ఎవరెస్ట్ దాకా ఎందుకు లెండి, వీళ్ళది శనివారం సరదా.

ఫ్రిస్కో కోడలు:
లిన్ హిల్ సంగతి మావారికి చదివి వినిపించాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు. క్లాసుకి ఇద్దరం పేరిచ్చాం. ఒక డౌటు. ఆయన తొంభై కిలోలు, నేను యాభై రెండు. ఆయన ఎక్కితే నేను పట్టుకోగలనా?

తాడుమేస్త్రి:
ఆయన జారితే మీరు పైకి లేస్తారు. నేలలో యాంకర్, అంటే బిగించిన కొక్కెం ఉంటే మీ హార్నెస్‌ని దానికి తగిలిస్తారు, లేకపోతే బరువు కోసం ఇసుక బస్తా ఇస్తారు. కొత్తలో ఆయన్ని ఆటో బిలే మీదకే పంపండి. బాబుకి తిరకాసు ఇంకో రకం. బరువు మరీ తక్కువైతే పైన తాడు రాపిడికి కిందికి దిగకుండా వేలాడుతుంటాడు, గోడని కాళ్ళతో నెట్టుకుంటూ దిగమని ముందే చెప్పి ఉంచండి. నడుము దగ్గర హార్నెస్ ఇంకా జారకుండా నిలవని వయసు కదా, భుజాల మీదుగా వచ్చే ఫుల్ బాడీ హార్నెస్ అడగండి.

పప్పుచారు:
టెస్టు పాసయ్యాక మీవారి ఫోన్ మాత్రం మామగారి చేతికివ్వండి. వీడియోలు ఆయన తీస్తారు.