లాగాఫ్ అంటే ‘పోతా’నా, ‘పోయొస్తా’నా?

కర్నూలులో ఒక కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. గోడకు అతికించే సూచనల కాగితం తెలుగులో రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. మొన్న ఒక పిల్లాడు వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషిన్‌ను, నడిపే ప్రోగ్రామ్) ఉబుంటు అనే లైనక్స్ ఎక్కిస్తూ, రాత్రంతా అదే నడుస్తుందిలే అని విండోస్‌లో సైన్ అవుట్ (లాగాఫ్‌కు ఇప్పటి పేరు) కొట్టి ఇంటికి పోయాడు. పొద్దున చూస్తే వర్చువల్ మెషిన్ ఆగిపోయి ఉంది. తప్పు వాడిది కాదు. ‘వెళ్లేటప్పుడు లాగాఫ్ చేయండి’ అని పాత కాగితంలో రాసింది నేనే. లాక్‌కూ లాగాఫ్‌కూ తేడా తెలిసే మాటలు చెప్పండి. ‘నిష్క్రమణ’ మాత్రం వద్దు, నాటకంలో పాత్ర తెర వెనక్కి పోయినట్టుంటుంది.

అనంతపురం నుంచి:
ఆ తేడా మన ఇళ్లలోనే ఉంది కదప్పా! గడప దాటేటప్పుడు ‘పోతా’ అంటే అవ్వ ఊరుకుంటుందా? ‘పోయొస్తా అనరా’ అని తిడుతుంది. లాక్ చేయడం ‘పోయొస్తా’. తెర మూసుకుంటుంది గానీ సెషన్, అంటే లాగిన్ అయి మీరు తెరుచుకున్నదంతా, అట్లే ఉంటుంది, అందులోని మెషిన్లూ నడుస్తుంటాయి. దూరం నుంచి కంప్యూటర్ వాడే రిమోట్ డెస్క్‌టాప్‌లో డిస్‌కనెక్ట్ కూడా అంతే. సైన్ అవుట్ ‘పోతా’. విండోస్ ఆ మాటను నిజంగానే పట్టుకుని, ఆ సెషన్‌లో మీ పేరున నడిచేవన్నీ మూసేస్తుంది. దాని లెక్కలో వర్చువల్‌బాక్స్ మెషిన్ కూడా మామూలు ప్రోగ్రామే. ఇంకోటి, లాక్ చేసినా కంప్యూటర్ స్లీప్‌లోకి పోతే మెషిన్ కూడా పడుకుంటుంది. పవర్ సెట్టింగుల్లో స్లీప్ తీసేయండి.

కడప నుంచి:
అవ్వ ఉదాహరణ అదిరింది. పనిలో పనిగా ‘హెడ్‌లెస్’ సంగతి కూడా తేల్చండి. కిటికీ తెరవకుండా వెనకాల మెషిన్ నడపడం అది. ‘శిరోరహితం’ అని ఒకచోట చూసి నవ్వుకున్నా. ‘మొండి’ అంటే పోలేదా? తల లేనిది మొండెం, కొస తెగినది మొండి, పట్టు వదలనిదీ మొండే. మనం వెళ్లిపోయినా ఆగని మెషిన్‌కు రెండర్థాలూ అతుకుతాయి.

కర్నూలు నుంచి, అడిగిన నేనే:
అన్నా, మాట బాగుంది గానీ విండోస్‌లో రెండో అర్థం చెల్లదు. హెడ్‌లెస్‌గా లేపినా సైన్ అవుట్ కొడితే పోతుంది. పనులను తనంతట తానే మొదలుపెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో, యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడిచేలా పెట్టి లేపాలి. విండోస్ సొంత వర్చువల్ మెషిన్ల ఏర్పాటైన హైపర్-వీలోని మెషిన్లు సిస్టమ్ సర్వీసు చేతిలో ఉంటాయి కాబట్టి ఎవరు పోయినా వాటికి పట్టదు. అసలు మొండివి అవే.

కడప నుంచి:
లైనక్స్‌లో చెల్లుతుంది సార్, మామూలుగా హెడ్‌లెస్ మెషిన్ లాగౌట్ తర్వాత కూడా నడుస్తుంది. కాకపోతే లైనక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ, 2016లో వచ్చిన 230వ వెర్షన్‌లో లాగౌట్‌తో యూజర్ ప్రాసెస్‌లన్నీ చంపడాన్ని డిఫాల్ట్ చేసింది. గొడవై చాలా డిస్ట్రోలు (ఉబుంటు లాంటి లైనక్స్ రకాలు) దాన్ని ఆపేసి ఇస్తున్నాయి. ఆపనిచోట లింగర్ (లాగౌట్ అయినా యూజర్ సర్వీసులను ఉండనిచ్చే సెట్టింగు) ఆన్ చేసి, మెషిన్‌ను యూజర్ సర్వీసుగా నడపాలి. ఆ లింగర్‌కు తెలుగేమిటో మళ్లీ నన్నే అడగొద్దు.

అనంతపురం నుంచి:
తచ్చాడు. పెళ్లి అయిపోయినా పందిట్లోనే తిరిగే చుట్టాలు లేరా!

కర్నూలు నుంచి:
కాగితంలో ఇట్లా రాసేశాను: ‘పోయొస్తామనేవాళ్లు విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కండి. మెషిన్లన్నీ ఆపేసుకున్నవాళ్లే పోతామనండి.’ అవ్వకు చూపించకండి.