సెర్గేయ్ బబూరిన్ ఎందుకు ఎదగలేకపోయాడు?

రవి_వేళచ్చేరి:
నమస్తే అందరికీ. చెన్నైలో ఉంటాను, ఆళ్వార్‌పేట రష్యన్ హౌస్‌లో రష్యన్ నేర్చుకుంటూ ఆ దేశపు తొంభైల రాజకీయాలు చదువుతున్నాను. సెర్గేయ్ బబూరిన్ అనే జాతీయవాద నాయకుడి దగ్గరకొచ్చి ఆగిపోయాను. 1991 డిసెంబరు 12న సోవియట్ యూనియన్‌ను రద్దుచేసే ఒప్పందం రష్యా సుప్రీం సోవియట్ (అప్పటి పార్లమెంటు) ముందుకొస్తే 188 మంది సరేనన్నారు, వద్దని ఓటేసింది ఆరుగురే, అందులో ఈయనొకడు. అప్పటికి వయసు 32. సైబీరియాలోని ఓమ్స్క్ యూనివర్సిటీలో లా డీన్‌గా చేశాడు, అంతకుముందు అఫ్గానిస్తాన్‌లో సైన్యంలో ఉన్నాడు, 1991లోనే ఆ పార్లమెంటు స్పీకర్ పదవికి ఖస్బులాతోవ్ అనే నాయకుడి మీద పోటీ కూడా పడ్డాడు. అలాంటి మనిషి 2018 అధ్యక్ష ఎన్నికల్లో 0.65 శాతంతో ఎనిమిది మందిలో ఆఖరున నిలిచాడు. సోవియట్ పోయిందని అంతమంది బాధపడిన దేశంలో ఆ ఓటు ఈయనకి ఎందుకు అక్కరకు రాలేదు? క్రెమ్లిన్, అంటే అధ్యక్షుడి వర్గం, తొక్కేసిందా, తనే పాడుచేసుకున్నాడా?

శారద_పెరంబూరు:
రవి గారూ, ముందు ఓట్ల లెక్క చూడండి. అప్పట్లో దూమాలో (1993 నుంచి రష్యా పార్లమెంటు దిగువ సభ) సగం సీట్లు నియోజకవర్గాలవి, సగం పార్టీ జాబితాలవి, జాబితాకి ఐదు శాతం రాకపోతే ఆ సగంలో ఒక్క సీటూ దక్కదు. 1993లో, 1995లో ఓమ్స్క్‌లో ఈయన గెలిచాడు, కానీ 1995లో మాజీ ప్రధాని రిజ్కోవ్‌తో కలిసి పెట్టిన జాబితాకి 1.6 శాతమే వచ్చింది. 1999లో సొంత పార్టీకి అరశాతం కూడా రాలేదు, ఓమ్స్క్ సీటూ పోయింది. మన దగ్గరా సొంత నియోజకవర్గంలో ఏ గుర్తు మీదైనా గెలిచి, జిల్లా దాటితే డిపాజిట్లు గల్లంతయ్యే నాయకులున్నారు కదా, అచ్చం అలాగే. ఇక ఆ బాధ అంటారా, దాన్ని ఓట్లుగా మార్చుకుంది జ్యుగనోవ్ కమ్యూనిస్టు పార్టీ, 1995లో 22 శాతం. నాకు మింగుడుపడనిది ఏంటంటే, 1991లో ఆ రోజు సరేనని ఓటేసినవాళ్లలో కమ్యూనిస్టులూ చాలామంది ఉన్నారు. వద్దన్నవాడికి దక్కనిది వాళ్ల పార్టీకి దక్కింది! జాతీయవాదుల కోపం ఎక్కువగా జిరినోవ్‌స్కీ అనే మరో జాతీయవాద నాయకుడు పట్టుకుపోయాడు. బబూరిన్ 1996 నుంచి దూమా డిప్యూటీ స్పీకర్ కుర్చీలో ఉండి కూడా ఊరూరా పార్టీని కట్టుకోలేదు, అది మాత్రం ఆయన తప్పే.

ప్రసాద్_మెడిసిన్:
నేను రష్యాలో ఎంబీబీఎస్ చేశాను. ఏప్రిల్ 20, అంటే హిట్లర్ పుట్టినరోజు దగ్గర పడితే హాస్టల్ దాటొద్దని సీనియర్లు హెచ్చరించేవారు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజుల్లో విదేశీయుల మీద దాడిచేసే నయా నాజీ గుంపులు, స్కిన్‌హెడ్లు, ఉండేవి. బబూరిన్ ఆ బాపతు కాదు, చట్టం, రాజ్యం, పాత సరిహద్దులు అని మాట్లాడే మనిషి. అయినా ఆ పాత సరిహద్దుల లోపల ఇప్పుడు వేరే దేశాలున్నాయి, వాటి జనం ఉన్నారు. ఆయన్ని త్యాగమూర్తిని చేయకండి, దయచేసి.

రవి_వేళచ్చేరి:
ప్రసాద్ గారూ, త్యాగమూర్తి అని నేను అనలేదండీ, ఆరుగురిలో ఒకడిగా నిలబడటానికి ధైర్యం కావాలన్నదే నా ఉద్దేశం. మరి 2003లో మళ్లీ గెలిచాడు కదా, అదెలా?

శారద_పెరంబూరు:
అది రోదినా కూటమి గెలుపు. రొగోజిన్, గ్లాజ్యెవ్ అనే ఇద్దరు నాయకులతో కలిసి ఎన్నికల ముందు కట్టిన కూటమి, తొమ్మిది శాతం వచ్చింది. కమ్యూనిస్టుల ఓట్లు చీల్చడానికి క్రెమ్లినే అండగా నిలిచిందని అప్పుడే గట్టిగా వినిపించింది, నేనూ అదే నమ్ముతాను. ఈయన మళ్లీ డిప్యూటీ స్పీకర్ అయ్యాడు, 2005లో రొగోజిన్‌తో చెడి వేరే వర్గం పెట్టుకున్నాడు. ఇక అక్కణ్నుంచి అన్నీ మూసుకుపోయాయి. 2007కల్లా నియోజకవర్గాల సీట్లే ఎత్తేసి ఏడు శాతం గీత పెట్టారు, పోటీకోసం ఆయన పార్టీ సేకరించి ఇచ్చిన ఓటర్ల సంతకాల్లో చెల్లనివి ఎక్కువన్నారని పోటీకే రానివ్వలేదు. 2002 నుంచి రెక్టరుగా ఉన్న మాస్కో వాణిజ్య విశ్వవిద్యాలయాన్ని 2012లో వేరేదాంట్లో కలిపేస్తామన్నారు, విద్యార్థులు ఆందోళనకు దిగారు, ఈయన ఉద్యోగం పోయింది. 2014లో ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా ప్రభుత్వమే కలిపేసుకున్నాక ఈయన ప్రత్యేకంగా చెప్పడానికి ఏం మిగిలింది? 2018 అధ్యక్ష పోటీకి మళ్లీ సంతకాలు కావాల్సొచ్చాయి, లక్ష, ఈసారి చెల్లుతాయన్నారు. 2007లో ఈయన నాలుగు ఓట్లు చీల్చగలడు, 2018లో ఎవరికీ అడ్డం కాదు, నా దృష్టిలో తేడా అంతే.